గుడియాత్తంలో కురవని వాన

వానలో తడవడానికి టికెట్ కొనుక్కుని రైలెక్కే ఆడమనిషిని మా ఆయన నన్నొక్కదాన్నే చూశాడట. "పెళ్ళికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులంటావు, వాన పడే ఊరికైతే అందరికంటే ముందు సంచి సర్దుతావు" అన్నాడు, తిరుపతి స్టేషన్లో ఆ సంచే అందిస్తూ. ఏమన్నా అననీ, అందించాడు కదా.

మాది తిరుపతిలో జిరాక్స్ షాపు. షాపు మేడ మీద వాన కొలిచే గిన్నె, గోడకు థర్మామీటరు, నా ఫోన్లో దేశదేశాల వాతావరణ పిచ్చివాళ్ళ బృందం. ఏడాదికి రెండుసార్లు, వసంతంలోనూ శరత్తులోనూ, ఎవరి ఊళ్ళో కాలానికి పొసగని వింత జరిగినా ఫోటో, కొలత, నాలుగు మాటలు పంపాలి. అందరం కలిసి ఒకదాన్ని ఆ ఋతువు వింతగా ఎంచుకుంటాం. మనకు శరత్తయితే భూగోళం కింది సగానికి వసంతం కాబట్టి రెండూ ఒకేసారి వస్తాయి. ఫిన్లాండ్ నుంచి మీకా అనే ఆయన, ఇంకా కోయని ఆపిల్ పళ్ళ మీద పడ్డ మంచు పంపాడు. ఉరుగ్వే దేశంలో ఉండే రోసా, వసంతం నడుమ వడగళ్ళు పడి సొట్టలు పోయిన తన కారు పంపింది. నేనేం పంపినా 'ఇండియాలో ఎండ, ఇందులో వింతేముంది' అని తేల్చేసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

ఈసారి ఆశ్వయుజం ముగిసేవేళ బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. వేలూరు, గుడియాత్తం వైపు కుండపోత ఖాయమన్నారు వార్తల్లో. ఎండకు పేరుపడ్డ వేలూరు వానకు మునిగితే, ఆ నీళ్ళు నా గిన్నెలో పట్టి చూపిస్తే ఎవడు కాదంటాడో చూద్దామనుకున్నాను.

పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే కాట్పాడి. వెళ్ళేవాళ్ళకు ఒక మాట: స్టేషను బయటే వేలూరు బస్సులు ఆగుతాయి, ఆటోవాళ్ళతో పేచీ అక్కర్లేదు. వేలూరు లాడ్జిలన్నీ ఆస్పత్రికి వచ్చినవాళ్ళతో నిండి ఉంటాయి. నాలుగు లాడ్జిల మెట్లెక్కి దిగాక ఒకచోట గది దొరికింది. గుమాస్తా పుస్తకం తెరిచి "పేషెంటు ఎవరమ్మా?" అని అడిగాడు.

"నేనే. వాన జబ్బు" అన్నాను.

అతను నవ్వలేదు. మూడో అంతస్తు తాళం ఇచ్చాడు. మేడ మీద గిన్నె పెట్టి రాత్రంతా ఆశగా పడుకున్నాను. తెల్లారి చూస్తే అడుగు తడిసేంత తుంపర. వాన గుడియాత్తం వైపే ఎక్కువని చెబుతున్నారు కదా అని, ఇడ్లీ వడ తిని, పెద్ద సంచి లాడ్జిలో వదిలి, గిన్నె మాత్రం చంకన పెట్టుకుని పదకొండు గంటల బస్సెక్కాను. గంటకు కాస్త పైన ప్రయాణం.

పక్క సీట్లో నా కంటే పదేళ్ళు చిన్నావిడ. పేరు కుప్పమ్మ. నా గిన్నెను ఎగాదిగా చూసింది.

"యాడికి పోతాండావక్కా ఈ గిన్నె ఎత్తుకోని?"

"గుడియాత్తానికమ్మా. వాన కొలిచేదానికి."

ఆమె ముఖం మాడిపోయింది. "మేము వాన నిలిస్తే చాలని మారెమ్మకు మొక్కతా ఉంటే, నువ్వు దాన్ని పిలుచుకోని వస్తాండావా తల్లీ?" అంది.

పల్లికొండ దాటేలోపు సంగతంతా చెప్పింది. వాళ్ళది గుడియాత్తంలో నేతపని ఇల్లు. లుంగీలకు నూలు ఇచ్చే వేలూరు జవుళి వ్యాపారి దగ్గరికే పోయి వస్తోంది. పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, సిద్ధంగా ఉంది గానీ, దాన్ని వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెలతో దువ్వాలి. సగంలో చినుకు పడితే గంజి కారిపోయి పోగులన్నీ అతుక్కుపోతాయి. ఇక ఆ నూలు దేనికీ పనికిరాదు. ఈ వానలకు రోజూ వాయిదా. రేపు సాయంత్రానికి పడుగు మగ్గం దగ్గరికి చేరకపోతే నూలు వెనక్కి తీసుకుని మరమగ్గాలకు ఇచ్చేస్తానన్నాడు వ్యాపారి.

"ఈ బేరమూ పోతే మగ్గం ఎత్తేసేదే. మా ఇంటాయప్ప పేర్ణాంబట్టుకు తోళ్ళు నానబెట్టే పనికి పోతానంటాండాడు. చేతిలో విద్య పెట్టుకోని ఆ ఉప్పునీళ్ళలో నిలబడాల్నా?" అంది. కళ్ళ నీళ్ళు పెట్టుకోలేదు. కోపంగానే అంది.

నాకు సిగ్గేసింది. గిన్నెను కొంగు కింద దాచుకున్నాను. అలవాటుగా ఫోన్ తీసి ఉపగ్రహం పంపిన మేఘాల బొమ్మలు చూశాను. చూసి మళ్ళీ చూశాను. వాయుగుండం వార్తలు చెప్పిన దారిలో రావడం లేదు. ఉత్తరానికి, నెల్లూరు దిక్కుకు జరుగుతోంది. అది అటు పోతే దాని చుట్టూ తిరిగే గాలి వేలూరు వైపుకు పడమట నుంచి, అంటే పొడిగా వస్తుంది. వెంటనే బృందంలో పెట్టాను: 'నా లెక్క సరేనా చూడండి. ఇక్కడొకళ్ళ మగ్గం దీనిమీదే ఉంది.' మీకా కాసేపటికి అవునన్నాడు. రోసా నిద్రమధ్యలో లేచి మరీ అవునంది.

బస్సు దిగకముందే అన్నాను: "కుప్పమ్మా, రేపు తెల్లవారుజాము నుంచి ఎండెక్కేదాకా మీ ఊళ్ళో వాన రాదు."

"గిన్నె ఎత్తుకోని వచ్చిన నువ్వా చెప్పేది?" అని నోరు తెరిచింది. కానీ నన్ను వదల్లేదు, ఇంటికి పిలుచుకుపోయింది.

వాళ్ళాయన మునిరత్నం మాట పొదుపు మనిషి. నా ఫోన్లో మేఘాలను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఐప్పసి నెలలో, ఈ వానల కాలంలో పొడిగాలా? నేను పుట్టినప్పటి నుంచి చూళ్ళేదక్కా" అన్నాడు. సాయంత్రమంతా వాన దంచింది. ఆ చప్పుడు వింటూ రసం అన్నం తింటుంటే జన్మలో మొదటిసారి వానను తిట్టుకున్నాను. రాత్రి వాళ్ళింట్లోనే, మగ్గం గుంట పక్కన చాప వేశారు.

తెల్లవారుజామున కుప్పమ్మ నన్ను తట్టి లేపింది. "అక్కా, బయటికి రా. వాసన చూడు."

వీధిలో వాన లేదు. చల్లని గాలిలో సన్నగా తోళ్ళ కంపు.

"ఇది పేర్ణాంబట్టు గాలి. ఎండాకాలంలోనే ఇట్ల తిరగతాది. ఈ నెలలో ఎప్పుడూ రాలేదు" అంది. పేర్ణాంబట్టు వాళ్ళకు పడమటి దిక్కు. కంపును అంత ఆనందంగా పీల్చుకున్న ఇద్దరు ఆడవాళ్ళను ఆ వీధి చూసి ఉండదు.

మునిరత్నం ఇక ఆలోచించలేదు. వెలుతురు రాకముందే వీధి అటు చివరా ఇటు చివరా కర్రలు పాతి పడుగు చాచాడు. ఎర్రటి, నీలపు చారలతో వీధికి చీర కట్టినట్టుంది. అక్కడొక ఆచారం ఉంది: ఒక ఇంటి పడుగు బయటికొస్తే ఇంటికొకరు వచ్చి చెయ్యి వెయ్యాలి, కూలి మాట ఉండదు, కాఫీ చాలు. కానీ ఆ రోజు వచ్చినవాళ్ళందరూ తూర్పుకే చూస్తున్నారు. ఆ నెలలో వానెప్పుడూ అరక్కోణం దిక్కు నుంచే వస్తుంది. ఆ దిక్కున ఆకాశం కాటుకలా ఉంది.

"అరక్కోణం నల్లబడితే గంటలో ఇక్కడ వాన. ఇది తెలియనోళ్ళు ఎవరుండారు?" అన్నాడొక పెద్దాయన, కుంచె ముట్టుకోకుండా.

"మబ్బు నల్లగా ఉంటే ఏమప్పా, గాలి దాన్ని అటే నెడతా ఉండాది కదా" అన్నాను. ఆయన నన్నూ, మబ్బునూ, మళ్ళీ నన్నూ చూశాడు. కుంచె మాత్రం తీసుకున్నాడు.

గంజి పట్టించడం మొదలైంది. రెండు పక్కలా జనం, ఒకే అడుగుతో నడుస్తూ దువ్వుతున్నారు. నాకూ ఒక కుంచె ఇచ్చారు. నా అడుగు తప్పి ఎదురావిడ కాలు తొక్కితే "మబ్బుల్ని చూసింది చాలక్కా, కాళ్ళను చూడు" అంది. సగం పడుగుకు గంజి పట్టింది. అప్పుడు నా చెంప మీద చినుకు పడింది. తర్వాత ఇంకొకటి. మునిరత్నం గంజి కుండ పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆపేద్దామా అక్కా?"

కుంచెలన్నీ ఆగాయి. తప్పయితే ఆ నూలు, ఆ మగ్గం నా వల్లే పోయినట్టు. ఫోన్ చూస్తే రోసా ఒకటే మాట పంపింది: 'చిన్న తునక. వెళ్ళిపోతోంది. ఆగకండి.' ఉరుగ్వేలో అప్పుడు రాత్రి భోజనాల వేళ. కంచం పక్కన పెట్టుకుని గుడియాత్తం మబ్బులు చూస్తోందన్నమాట. గాలి వాసన చూశాను. తోళ్ళ కంపు పోలేదు.

"ఆపొద్దప్పా. పట్టించు గంజి" అన్నాను.

కుప్పమ్మ అందరికంటే ముందు కుంచె వేసింది. ఆమె వెనక వీధంతా కదిలింది. మూడో చినుకు రాలేదు. పడమటి గాలి జోరందుకుంది, మబ్బు పల్చబడి లేత ఎండ వచ్చింది. అంత మంచి ఆరుదల ఎండాకాలంలో కూడా రాదట. తొమ్మిదిన్నరకల్లా పడుగు ఆరి, వేలితో మీటితే టంగుమంది. మునిరత్నం దాన్ని చుట్టి భుజానికెత్తుకుని నడుస్తుంటే ఊరేగింపులా అందరం వెనక నడిచాం. ఆ పెద్దాయన నా దగ్గరికొచ్చి "రేపు మా ఇంటి పడుగు ఉండాది, రేపటి మాటేంది?" అని అడిగాడు.

"రేపు వాన. ఎల్లుండి అడుగు, చెప్తా" అన్నాను, మంత్రిగారిలా.

మధ్యాహ్నం వ్యాపారి మనిషి వచ్చేసరికి భార్యాభర్తలు మగ్గం దగ్గర పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతుకుతున్నారు. చూశాడు, కాఫీ తాగాడు, నూలు వాళ్ళకే వదిలి పోయాడు. నేను సాయంత్రం బస్సుకు వేలూరు చేరి సంచి తీసుకున్నాను.

మర్నాడు కాట్పాడిలో రైలెక్కి కూర్చోగానే బృందానికి ఫోటో పంపాను: నల్లటి ఆకాశం, కింద ఎర్ర నీలపు పడుగు, రెండు వైపులా జనం. కొలత దగ్గర సున్నా రాశాను. మీకా రాసింది మొదట వచ్చింది: 'మా మంచు ఎవరూ అడక్కుండానే పడింది. మీ వీధి వాన పడదని నమ్మి నిలబడింది.' చిత్తూరు వచ్చేలోపు ఈ శరత్తు వింత నాదేనని తేల్చారు. ఎదురు సీటాయన "ఏంటమ్మా ఒక్కరే నవ్వుకుంటున్నారు?" అన్నాడు. చెప్పబోతుంటే కుప్పమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, ఇక్కడ వాన కుమ్మతాండాది. కుమ్మనీ. ఇది విను."

వానహోరు వెనక టకటకా, టకటకా మగ్గం. ఫోను స్పీకరు పెట్టి ఎదురాయనకూ, పక్కవాళ్ళకూ వినిపించాను. ఎన్నో వానలు కొలిచి ఇంటికి తెచ్చాను గానీ, ఖాళీ గిన్నెను ఇంత గర్వంగా ఒళ్ళో పెట్టుకుని వచ్చింది ఇదే మొదలు.