టైపు టీచర్ రిజిస్టరూ నా తప్పుడు మాటా

టీచర్ పోయారన్న కబురు వికారాబాద్ స్టేషన్‌లో నాకు చేరింది. తాండూరు పోయే సాయంత్రం బండి కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి, "టైపు టీచర్ పోయింది బిడ్డా. టీవీ ముందట కూసున్నది కూసున్నట్టే ఉన్నది. పెన్సిలు చేతిలనే ఉన్నది" అంది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాటను దాచుకునే హక్కు నాకు లేదు. "రిజిస్టర్ ఎక్కడుంది?" అని అడిగాను. "మనిషి పోయిందంటే పుస్తకం అడుగుతవేందే?" అంది అమ్మ.

అమ్మకు తెలియదు. ఆ రిజిస్టర్‌లో ఒక పేజీ అడుగున 'సవరణ' అని రాసి, టీచర్ నా కోసం నాలుగు గీతలు ఖాళీగా వదిలారు. పదిమందిలో నేను చెప్పిన ఒక అసత్యాన్ని పదిమందిలోనే వెనక్కి తీసుకుని, ఆ తరువాత నింపవలసిన గీతలు అవి. ఐదు నెలలు నేను వాటిని నింపలేదు. ఆమె గుర్తు చేయలేదు. బండి వచ్చింది, ఎక్కాను. కిటికీ చువ్వల వెనక కూర్చుని, నన్ను నేను సమర్థించుకునే వాదనలన్నీ ఒక్కొక్కటిగా ఓడిపోవడం తాండూరు దాకా చూశాను.

ఆమె మా పక్కింటివారు. మా గల్లీలో ఉద్యోగం దొరికిన వారిలో సగం మంది ఆమె దగ్గర టైపో, షార్ట్‌హ్యాండో నేర్చుకున్నవారే. కంప్యూటర్లు వచ్చాక ముందుగదిలో మిషన్లకు గుడ్డలు కప్పారు గానీ వేళ్ల అలవాటు ఆగలేదు. శాసనసభ సమావేశాలు టీవీలో ప్రత్యక్షంగా రావడం మొదలయ్యాక ఆ వేళ్లకు మళ్లీ పని దొరికింది. మా శాసనసభ్యుడు సభకు వచ్చారా, ఏం అడిగారు, ఎంతసేపు మాట్లాడారు, ఏ బిల్లుకు ఎటు ఓటేశారు, అభివృద్ధి నిధిని ఏ పనికి రాయించారు అన్నవి పొడుగాటి రిజిస్టర్‌లో గడులు గీసి రాసేవారు. ఆ పదవిలో మనుషులు మారారు, పార్టీలు మారాయి. గడులు మారలేదు.

"మీకెవరు చెప్పిన్రు టీచర్ గీ పని?" అని ఇంటర్మీడియట్‌లో ఉండగా అడిగాను.

"ఓటేసిన కదా బిడ్డా. వేసినంక ఏమైందో చూసుకోవద్దా? పాలు పొయ్యి మీద పెట్టి పక్కకు పోతమా?"

టైపు పరీక్షల కోసం ఎప్పుడో కొన్న స్టాప్‌వాచ్ ఆమె ఒళ్లో ఉండేది. సభ్యుడు లేవగానే నొక్కేవారు. మధ్యలో ఇతరులు అరిస్తే ఆపేవారు, అరుపులు సద్దుమణిగాక మళ్లీ నొక్కేవారు. "పక్కోళ్ల లొల్లి ఆయన పేరు మీద ఎందుకు రాయాలె?" అనేవారు. ఒకసారి నేను ఆమె భుజం మీదుగా చూసి, సభ్యుడి మాటల పక్కన 'నిర్లక్ష్యంగా' అన్న మాట చేర్చమన్నాను. ఆమె పెన్సిల్ ఆపకుండానే, "విశేషణాలు నీ దగ్గరనే పెట్టుకో. గడిల పట్టయ్" అన్నారు. విశేషణాలే జీవనాధారమైన వక్తను నేను. ఆ మాటకు నొచ్చుకున్నాను. ఈ రోజు ఈ వ్యాసంలో వాటిని తగ్గించుకోవడానికి చాలా కష్టపడుతున్నాను.

నిధి ఖర్చు గడిని ఆమె కాళ్లతో నింపేవారు. సమాచార హక్కు కింద పనుల జాబితా తెప్పించుకుని, బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేవారు. బషీరాబాద్ దగ్గర ఒక ఊళ్లో కమ్యూనిటీ హాలు చూడటానికి నన్నూ తీసుకువెళ్లారు. గోడలున్నాయి, పైకప్పు సగమే ఉంది, లోపల మేకలున్నాయి. మేకల యజమానురాలు కన్నడంలో ఏదో తిట్టింది. మేము ఆఫీసు నుంచి వచ్చామనుకుని, మేకలను బయటికి తోలిస్తామని భయపడింది. టీచర్ ఆమె పక్కన కూర్చుని మజ్జిగ తాగి, 'పైకప్పు సగం. లోపల మేకలు, తొమ్మిది' అని రాసుకున్నారు. నేను ఆవేశంతో, "కుంభకోణం అని రాయండి టీచర్!" అన్నాను.

"పైసలు ఎటు పోయినయో నువ్వు చూసినవా?"

"లేదు."

"మరి? గోడలు చూసినం, మేకల చూసినం. గంతే రాస్త."

మరుసటి ఏడు ఆమె మళ్లీ అక్కడికి వెళ్లి, 'పైకప్పు పూర్తి' అని అంతే సైజు అక్షరాలతో రాసి వచ్చారు. ఆ రెండో ప్రయాణానికి నేను వెళ్లలేదు. తప్పు దొరికే చోటికి పరుగెత్తినంత ఉత్సాహంగా, తప్పు దిద్దుకున్న చోటికి వెళ్లే అలవాటు నాకు లేదు.

నన్ను ఎక్కువగా రెచ్చగొట్టింది ఓటు గడి. పేజీ తరువాత పేజీలో ఆ గడి కింద 'తెలియదు' అనే ఉండేది. మన సభలో దాదాపు ప్రతి బిల్లూ మూజువాణి ఓటుతో తేలిపోతుంది. అనుకూలురు అవునంటారు, వ్యతిరేకులు కాదంటారు, ఏ గొంతు పెద్దదో సభాపతి ప్రకటిస్తారు. ఎవరు ఏమన్నారో పేరు పేరునా ఎక్కడా నమోదు కాదు. సభ్యులు పట్టుబడితే తలలు లెక్కిస్తారు గానీ అది ఎప్పుడో ఒకసారి. "ఆయన అధికార పక్షం. అవునన్నాడని మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలియదని రాయడం పిరికితనం" అని నేను వాదించాను. ఆమె నవ్వారు. "నాకు ఎరుకైంది నా గడిల రాస్త. నీకు ఎరుకైంది నీ నోట్ల పెట్టుకో."

పెట్టుకోలేదు. ఐదు నెలల క్రితం మా కళాశాలలో ప్రజాప్రతినిధుల జవాబుదారీతనం మీద వక్తృత్వ పోటీ జరిగింది. రాళ్లకు పాలిష్ పట్టే యూనిట్ల కార్మికులకు ఏటా ఊపిరితిత్తుల పరీక్షలు యజమానులే చేయించాలని సభలో ఒక సవరణ వచ్చింది, మూజువాణి ఓటుతో వీగిపోయింది. ఆ రోజు పేజీని నా ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. హాజరు గడిలో 'వచ్చారు' అని ఉంది. అది చాలనుకున్నాను. వేదిక మీద, "కాదన్న గొంతుల్లో మన శాసనసభ్యుడి గొంతు ఉంది. మీ నాన్నల దగ్గులో ఆ గొంతు వినండి!" అన్నాను. హాలు దద్దరిల్లింది. మొదటి బహుమతి వచ్చింది. ఆ వీడియో రెండు రోజుల్లో తాండూరు పాలిష్ యూనిట్లన్నీ తిరిగింది.

మూడో రోజు ఆ శాసనసభ్యుడి అనుచరుడు ఒకరు టీచర్ ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

"టీచర్, నమస్తే. మా అన్న మీద గింత కోపమెందుకు?"

"కూసో. చాయ్ తాగు. నువ్వు టైపు లోయర్ పరీక్షల రెండుసార్లు ఫెయిలైనవ్ కదా?"

"గది ఇప్పుడెందుకు టీచర్!" అని ఆయన చెప్పులు విప్పి కూర్చున్నారు. తరువాత నా వైపు తిరిగారు. "చెల్లె, అన్న ఆ పొద్దు సభల సంతకం పెట్టి దవాఖానకు ఉరికిండు. ఆయన తల్లి ఐసీయూల ఉండె. సవరణ వచ్చింది మాపటికి. లేని మనిషి కాదని ఎట్లంటడు?"

"సాక్ష్యం ఏది?" అన్నాను.

టీచర్ లేచి రిజిస్టర్ తెచ్చారు. అదే పేజీ. అంచున పెన్సిల్‌తో సన్నని వంపులు, చుక్కలు ఉన్నాయి. షార్ట్‌హ్యాండ్. వాటి మీద వేలు పెట్టి, "చదువు" అన్నారు.

"నాకు రాదు టీచర్."

"రాదని తెలుసు కదా. మరి ఫోటో తీసేటప్పుడు అడగాల్నా, వద్దా?"

ఆమే చదివారు. విరామం తరువాత కెమెరా శాసనసభ్యుడి వరుస మీదికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ ఆ సీటు ఖాళీ. రెండేళ్లుగా ఆమె ఆ లిపి నేర్పుతానంటూనే ఉన్నారు. చచ్చిపోయిన విద్య అని నవ్వాను. నా ఫోన్‌లో ఆ వంపులు స్పష్టంగానే ఉన్నాయి. వాటిని చదవలేనని కూడా నాకు తోచలేదు. అలంకారమనుకున్నాను.

అనుచరుడు వెళ్లిపోయాక చివరి వాదన తీశాను. "అయినా లేకపోవడం కూడా తప్పే కదా టీచర్?"

"తప్పే. కాని గది వేరే గడి."

ఆ తరువాత గొంతు పెంచకుండా, "ఏ హాల్ల అన్నవో గా హాల్లనే చెప్పు. ఎంత గొంతుతో అన్నవో అంత గొంతుతో చెప్పు" అన్నారు. పేజీ అడుగున 'సవరణ' అని రాశారు. స్కేలు పెట్టి నాలుగు గీతలు గీశారు.

ఎందుకు చేయలేదో చెబుతాను. సాకుగా కాదు, నమోదుగా. వీడియోను పంచిన విద్యార్థి మిత్రులు, "ఇప్పుడు వెనక్కి తీసుకుంటే అమ్ముడుపోయిందంటరు" అన్నారు. అనుచరుడు మళ్లీ వచ్చి, తమ పార్టీ సభలో తమ కండువాల మధ్య చెప్పమన్నారు. ఈ రెంటినీ నేను ఎదిరించగలను. ఎదిరించలేకపోయింది పాలిష్ యూనిట్‌లో పనిచేసే ఒక పెద్దమనిషిని. ఆయన బస్టాండ్‌లో నా చేయి పట్టుకుని, "మా గురించి గట్టిగ మాట్లాడింది నువ్వే బిడ్డా" అన్నారు. ఆ చేయి విడిపించుకుని, నేను చెప్పింది నిజం కాదని ఎలా అనాలి? ఆయన దగ్గు నిజం. వీగిపోయిన సవరణ నిజం. ఒక్క నా వాక్యమే అబద్ధం. ఆ వాక్యమే ఆయనకు నచ్చింది. ఎటు అడుగు వేసినా ఎవరికో ఒకరికి ఆయుధమవుతాను. వాదనల్లో ప్రత్యర్థిని ఇలాంటి మూలకు నెట్టడం నాకు బాగా వచ్చు. అలాంటి మూలలో నేనే నిలబడితే ఎలా ఉంటుందో ఈ ఐదు నెలల్లో తెలిసింది. టీచర్ గోడ అవతల టీవీ గొంతు వినబడినప్పుడల్లా మా ఇంట్లో ఫ్యాను వేగం పెంచేదాన్ని.

ఆమెను సమాధి చేసిన రోజు శాసనసభ్యుడు వచ్చారు. చర్చి వారి పాట అయ్యేదాకా చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డారు. ఎవరో మాట్లాడమంటే తల అడ్డంగా ఊపారు. ఆమె ఉంటే రాసేవారు: 'వచ్చారు. మాట్లాడలేదు. ఇరవై నిమిషాలు.' ఆ ఊహకు నవ్వు వచ్చి, ఆ నవ్వు వెనకనే ఏడుపు వచ్చి, అమ్మ భుజాన్ని పట్టుకున్నాను.

రిజిస్టర్ ఆమె ముందుగదిలోనే ఉంది, ఆ నాలుగు గీతలు ఖాళీగానే ఉన్నాయి. రెండు రోజుల తరువాత కళాశాలకు ఉత్తరం రాశాను. ముగిసిన పోటీకి సవరణ ఉండదని అధ్యాపకులు చెప్పారు. బహుమతి వెనక్కి ఇస్తానంటే, దాన్ని తీసుకునే పద్ధతి లేదన్నారు. విద్యార్థులను సమావేశపరచడం కుదరదు, కావాలంటే క్లాసులు అయ్యాక హాలు తాళం తీయిస్తామన్నారు. నిన్న మధ్యాహ్నం తీయించారు.

లోపల అటెండర్ ఒక్కరే నేల తుడుస్తున్నారు. మైకు పెట్టించుకుని, ఖాళీ కుర్చీల వైపు తిరిగి, పోటీ రోజున ఎంత గొంతుతో మాట్లాడానో అంత గొంతుతో చెప్పాను. "ఈ వేదిక మీద నేను చెప్పింది అసత్యం. ఆ సవరణ వీగిపోయినప్పుడు మన శాసనసభ్యుడు కాదనలేదు. ఆయన సభలోనే లేరు. ఆయన సీటు ఖాళీగా ఉందని మా టీచర్ రాసి పెట్టారు. నేను చదవకుండా మాట్లాడాను." నా గొంతు గోడలకు తగిలి నా దగ్గరికే వచ్చింది.

అటెండర్ కర్ర గోడకు ఆనించి ముందుకు వచ్చారు. "ఆ దినం నేను గీ తలుపు కాడనే ఉన్న. నా బామ్మర్ది పాలిష్ కాడ పనిచేస్తడు. వానికి నీ వీడియో పంపింది నేనే బిడ్డా" అన్నారు.

"తప్పు నాది" అన్నాను.

"తప్పు సంగతి తర్వాత. గిది గూడ పంపాలె కదా. ఇంకోపాలి చెప్పు, తీస్త."

తడి చేయి ప్యాంటుకు తుడుచుకుని ఫోన్ తీశారు. నేను మళ్లీ మైకు ముందు నిలబడి ఊపిరి తీసుకున్నాను. ఆయన ఎత్తి పట్టుకున్న ఫోన్‌ను దించారు. "ఆగు. జాగ లేదంటున్నది. ఏదన్న తీసేయాలె" అన్నారు. మొదటి వరుసలో ఒక కుర్చీలో కూర్చున్నారు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, ఒక్కొక్క వీడియో చూస్తూ వేలితో పైకి జరుపుతున్నారు. కొన్ని చిన్నగా మోగి ఆగుతున్నాయి. పెళ్లి డప్పు, ఎవరో పిల్ల నవ్వు, వాన చప్పుడు.

"ఏది తీసేయాల్నో తెలుస్తలేదు బిడ్డా" అన్నారు తల ఎత్తకుండా.

తడి నేల కిటికీల వైపు నుంచి మెల్లగా ఆరుతూ వస్తోంది. నేను బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని, మైకు ముందు నిలబడే ఉన్నాను.