మా నాన్నకు ఇంకో బిడ్డ

సూరత్‌లో ఒక చీరల కంపెనీకి రెండేళ్లు బ్లాగు రాసి, మూడు నెలల కిందట మానేశాను. అందులో నాకు బాగా ఇష్టమైనది మా నాన్న గురించి హిందీలో రాసిన పోస్టు. పదహారేళ్ల వయసులో సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో చేరడం, నీలంగా మారిన చేతులతో నలుగురిలో అన్నం తినడానికి సిగ్గుపడడం, అన్నీ రాశాను.

ఈ రోజు నాన్న మిల్లులో ఎవరికో ఆ పోస్టు చూపించబోయి, మధ్యాహ్నం ఇంటికి రాగానే ఫోన్ నా ముందు పెట్టాడు. నా పేరున్న చోట హేతల్ అని ఉంది.

"ఏంది బిడ్డా, నేను గీ పిల్లకు ఎప్పుడు నాయిననైన?"

కంపెనీకి ఫోన్ చేస్తే, నా స్థానంలో చేరిన ఆ హేతలే ఎత్తింది. "దీదీ, మానేసినవాళ్ల పోస్టులన్నీ పోయిన వారం నా పేరు మీదికి మార్చారు. మా పప్పాకు బట్టల దుకాణం ఉంది. 'మీ నాన్న మిల్లులో ఎప్పుడు పనిచేశాడు?' అని చుట్టాలంతా నన్ను అడుగుతున్నారు" అంది హిందీలో, ఏడుపు గొంతుతో.

కోపంగా మొదలుపెట్టిన నేను నవ్వేశాను. సాయంత్రానికల్లా ఆమే మేనేజర్‌ను ఒప్పించి నా పేరు మళ్లీ పెట్టించింది, పక్కన 'మాజీ ఉద్యోగి' అని చేర్చి.

మీరు మానేసిన చోట మీ రాతలు ఎవరి పేరు మీదున్నాయో చూసుకున్నారా? చూసి చెప్పండి.

నాన్న మాత్రం పేరు చూసి తృప్తిగా తలూపి, "గా పిల్లను ఒక ఐతారం అన్నానికి పిలువు. నాలుగొద్దులైనా నా బిడ్డనే గద" అన్నాడు.