‘తెల్దప్పా’ అన్న మా చేపలన్న

మా చేపలన్న పోయినాడు. మూడు వారాల కింద బుధవారం పొద్దున్నే వదిన ఫోన్ చేసి, "నిద్రలోనే పోయినాడమ్మా, లేపితే లెయ్యలేదు" అనింది. నంద్యాలలో నా జిరాక్సు అంగడి పక్కనే ఆయన అక్వేరియం అంగడి. పదహారేండ్లు మా ఇద్దరికీ గోడ ఒకటే. పేరు పెట్టి పిలిచినోళ్ళు లేరు, ఊరందరికీ చేపలన్నే.

ఏడ్చి ఊరుకుందామనుకున్నా. ఊరుకోనిచ్చినారా? మూడోనాడు అంగడి ముందర కుర్చీలేసుకొని టీ తాగుతా, పలకరించడానికొచ్చిన ఆళ్లగడ్డ బట్టల అంగడాయన అన్నాడు గదా: "మంచోడే పాపం. కానీ అన్నేండ్లు చేపల్తోనే బతికి, మగదేదో ఆడదేదో చెప్పలేకపాయ." నలుగురూ నవ్వినారు. ఫోటోకు వేసిన దండ ఇంకా వాడనే లేదు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందుకే ఇది రాస్తాండా.

ఆయన అనింది సర్జన్ చేపల గురించి. సముద్రపు చేపలవి, ఉప్పు కలిపిన నీళ్ళలోనే బతుకుతాయి. పళ్ళెం మాదిరి పలచగా ఉంటాయి. తోక మొదట్లో రెండు పక్కలా డాక్టరు కత్తి మాదిరి ముల్లుంటుంది, ఆ పేరు అందుకే. చెన్నై నుంచి గాలి నింపిన కవర్లలో వస్తాయి. వచ్చినరోజు అన్నకు అన్నం సయించేది కాదు. కవరును తొట్టి నీళ్ళలో తేలేసి, పక్కనే స్టూలు మీద కూర్చునేవాడు. తినిపోరాదా అంటే, "ఉండమ్మా, వాటికి ఊరు కొత్త" అనేవాడు.

అంగడికి వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే.

"అన్నా, ఇది మగదా ఆడదా?"

"తెల్దప్పా."

"పెద్దగుండేది మగది గదా?"

"మగది పెద్దగుండొచ్చు. కానీ ఈ చిన్నది ఆడదో, ఇంకా ఎదగని మగదో నాకేం ఎరుక?"

అంగడి వెనకాలే ఇల్లు. వదిన లోపల్నుంచి సణిగేది. "ఏదో ఒకటి చెప్పగూడదా? వాళ్ళేమన్నా కోసి చూస్తారా?"

"కోసి చూస్తేనే తెలిసేది. నేను కొయ్యను గదా" అని నవ్వేవాడు.

ఏమీ తెలియక అన్నాడా ఆ మాట? యాడ ఏ పుస్తకం దొరికినా ఆ పేజీలు నా దగ్గర జిరాక్సు తీయించి, "చదివి చెప్పమ్మా, ఇంగ్లీషు నాకు కూడబలుక్కోవాల" అనేవాడు. నొసట కొమ్ముండే ఒక రకంలో మగదానికి తోక పోగులు పొడుగని ఒకచోట ఉండేది. గుడ్లు పెట్టే కాలంలో కొన్నింట్లో మగవాటి రంగు మారుతుందని ఇంకోచోట. ఆ కాలం సముద్రంలో వస్తుంది గానీ మన గాజు తొట్లో యాడ వస్తుంది? తక్కినవాటికంతా బయటికి చూసి చెప్పలేమనే ఉండేది. ఆ మాట కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, మడిచి జేబులో పెట్టుకునేవాడు. తెల్దు అనడానికి ఆయన అంత చదివినాడు. ఏమీ చదవనోళ్ళు గడగడా చెప్పేస్తారు!

ఆ బట్టల అంగడాయన సంగతి కూడా చెప్తా. రెండేండ్ల కింద కొత్త అంగడి తెరుస్తా, కలిసొస్తుందని ఎవరో చెప్పినారంట, నీలం సర్జన్లు ఆలుమగల జోడీ కావాలని వచ్చినాడు.

"జోడీ అని నేను చెప్పలేనప్పా. రెండొద్దు, ఒకటి తీస్కపో. ఒకే తొట్లో రెండేస్తే కోసుకుంటాయి" అన్నాడు అన్న.

ఆయన మొహం మాడ్చుకొని ఇంకో పెద్ద ఊరికి పోయి, ఎవడో "ఇది మొగుడు, ఇది పెండ్లాం" అంటే నమ్మి తెచ్చుకున్నాడు. వారం తిరక్కుండా ఒకటి ఇంకోదాని పక్క చీరేసింది. అప్పుడు ఫోను ఎవరికి? మా అన్నకే! అన్న బకెట్టు, వల, బ్యాటరీ గాలిపంపు పట్టుకొని ఆళ్లగడ్డ బస్సెక్కినాడు. దెబ్బతిన్నదాన్ని తెచ్చి, నెలరోజులు వేరే తొట్లో సాకి బతికించినాడు. అది మళ్ళీ ఆళ్లగడ్డకు పోలేదు, అన్న అంగట్లోనే ఉండిపాయ. అంత చేస్తే ఆ పెద్దమనిషి ఏమన్నాడో తెలుసునా? "నీ నోరే తగిలిందిలే!"

నేను కొట్లాటకు లేస్తే అన్న ఆపినాడు. "చేప బతికింది గదమ్మా, ఇడిసిపెట్టు."

ఆ పొద్దు ఇడిసిపెట్టినా. ఇప్పుడు ఇడిసిపెట్టను. తెలియనిదాన్ని తెలుసని చెప్పి అంటగట్టినోడు పనిమంతుడు, ఉన్నమాట చెప్పినాయన చేతగానోడా? ఆయన సాకిన చేప అంగట్లో తొట్లో తిరుగుతాంటే, దాని ముందరే కూర్చొని ఆయన్ను ఎగతాళి చెయ్యడానికి నోరెట్లా వచ్చిందప్పా మీకు?

నిన్న అంగడి తెరిచినారు. ఎన్నాళ్ళని మూసిపెడతారు? ఎప్పుడూ ఈ పక్కకు రాని వదిన, అన్న పాత బనీనుతో తొట్టి అద్దం తుడుస్తాంది. నేను టీ తీస్కపోయినా. అంతలో ఒకాయన బండి ఆపి లోపలికొచ్చి, ఆ నీలం చేపనే చూపించి, "అక్కా, ఇది మగదా ఆడదా?" అన్నాడు.

వదిన నా పక్క చూసింది. ఏదో ఒకటి చెప్పమని అన్నేండ్లు ఆయన్ను పోరిన మనిషి. నేను టీ గ్లాసు స్టూలు మీద పెట్టినా.

"తెల్దప్పా" అనింది.

ఆయన పెదవి విరిచి వెళ్ళిపోయినాడు. వదిన మళ్ళీ బనీను గుడ్డ తీసుకుంది. ఆమె తుడుస్తాంటే, దెబ్బ తగిలిన పక్కన తెల్ల మచ్చ మిగిలిన ఆ చేప, అద్దం లోపల, గుడ్డ ఎటు పోతే అటు పోతా ఉండింది.