కమాను కట్టలకు నూనె

మొన్న మైపాడు రోడ్డులో కాలిన ఇంజను ఆయిల్ వాసన తగలగానే నాయన గుర్తొచ్చాడు.

నాకప్పుడు తొమ్మిది నిండి పదో ఏడు. మా తిండి చేపల వ్యాను మీదే. బుట్టల నుంచి కారే ఉప్పునీటికి, దాని చక్రాల మీద బరువు మోసే ఇనుప కమాను కట్టలు తుప్పుపట్టి విరగకుండా, నాయన ఆదివారాలు వాటిని మంచినీళ్ళతో కడిగి, ఇంజనులోంచి తీసేసిన ఆ పాత ఆయిల్ పూసేవాడు. డబ్బా నేను పట్టుకోవాలి. అవ్వ మోకాళ్ళకు రాసినట్టే, పాడైన బండికే నూనె రాస్తారనుకున్నాను.

ఒకరోజు పక్కింటి డ్రైవరు, "ఏందన్నా, బండికి తలంటి పోస్తా ఉండావా? పాపకూ రెండు చుక్కలు పెట్టు!" అన్నాడు. అక్కడే ఆడుకుంటున్న నా నేస్తాలు కిసుక్కుమన్నారు.

"కంపు కొడతా ఉంది నాయనా," అని డబ్బా కింద పెట్టేశాను.

"సరే, పో అమ్మా," అన్నాడు బండి కిందనుంచి.

మళ్ళీ నన్ను పిలవలేదు. వెల్లకిలా పడుకొని, డబ్బాను రొమ్ము మీదే పెట్టుకొని పూసేవాడు. గుండ్రటి మరకపడిన ఆ చొక్కాను ప్రతి సోమవారం నేనే ఆరేసేదాన్ని.