కస్తూరమ్మ కూతురు

ధనకోటి పెద్దమనిషి అయిన రోజు వాళ్ళ ఇంట్లో సంతోషం కంటే ముందు ఒక దిగులు పుట్టింది. గుడిసె ఎవరు కట్టాలి?

తిరుత్తణి పక్క పల్లెల్లోని తెలుగు ఇళ్ళలో ఈ పనికి మేనమామ కావాలి. అతను వాకిట్లో పచ్చి కొబ్బరి మట్టలతో గుడిసె కట్టి, కొత్త చీర తెచ్చి తన తోబుట్టువు చేతిలో పెడతాడు. ఆమె బిడ్డకు నీళ్ళు పోసి, ఆ చీర కట్టి, గుడిసెలో కూర్చోబెడుతుంది. మామ చేతి గుడిసె ఎరగని పిల్ల అంటే తల్లివైపు దిక్కులేని పిల్లని లెక్క. పెళ్ళిచూపుల దాకా ఆ మాట వెంట వస్తుంది.

ధనకోటికి తల్లి ఉంది. తల్లివైపు వాళ్ళు మాత్రం సముద్రం అవతల ఉన్నారు.

తండ్రి వెంకటపతి పెళ్ళయిన కొత్తలోనే కస్తూరమ్మను ఇంట్లో వదిలి, రంగూనులో బియ్యం మిల్లు పనికి పోయాడు. అక్కడ మ ఖిన్ అనే బర్మా పిల్లను చేసుకున్నాడు. అక్కడి సర్కారు మనవాళ్ళను వెళ్ళగొట్టిన కాలంలో ఆమెనూ, ఆమె చంకలోని ధనకోటినీ వెంటబెట్టుకుని మద్రాసులో ఓడ దిగి ఇల్లు చేరాడు. ఆ పూట కస్తూరమ్మ పొయ్యి ముట్టించలేదు. మరునాడు ముట్టించింది. ఆ ఇంట్లో జరిగిన రగడ అంతే.

మ ఖిన్ పేరు నోరు తిరగక ఊరు ఆమెను కిన్నమ్మ చేసింది. కిన్నమ్మ లుంగీలు నేసే షెడ్డులో మగ్గం ఎక్కింది. ఆమె నాడె విసిరితే చప్పుడు ఒకే తీరుగా వచ్చేది. తెగిన పోగును ముడి కనబడకుండా కలిపేది. షెడ్డులో పనిచేసే మగవాళ్ళు కూడా చిక్కుపడిన పడుగును మాట్లాడకుండా ఆమె ముందుకు తోసేవాళ్ళు. తెలుగు, అరవం రెండూ అక్కడే నేర్చుకుంది. వెలగచెట్టు బెరడు సానమీద అరగదీసి, ఆ గంధం కూతురి బుగ్గలకు పూసేది. తన దేశంలో తల్లులు అలాగే పూస్తారట.

ఆ బుగ్గలు, సన్నటి కళ్ళు, చిన్న ముక్కు, అన్నీ తల్లివే. బళ్ళో పిల్లలు ఊరుకునేవాళ్ళు కాదు.

"ఏమే ధనకోటీ, కండ్లు తెరిచి నడువు. నిద్దర్లో గోడకు కొట్టుకుంటావు."

"ముక్కు యాడ పారేసుకున్యావే? ఓడలోనా?"

ధనకోటి ఇంటికి వచ్చి ఏడిస్తే కిన్నమ్మ జడ విప్పి మళ్ళీ అల్లేది.

తండ్రి కామెర్లతో పోయాక ఇంట్లో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పిల్ల. కస్తూరమ్మ పొలం చూసుకునేది, కిన్నమ్మ మగ్గం చూసుకునేది. ధనకోటి ఒకరిని పెద్దమ్మా అని, ఇంకొకరిని అమ్మా అని పిలిచేది. పిల్ల పెద్దమనిషి అయ్యేదాకా అలాగే నడిచింది.

కస్తూరమ్మకు లోకనాథం అనే తమ్ముడు ఉన్నాడు. తిరువళ్ళూరులో సైకిలు షాపు పెట్టుకున్నాడు. కబురందగానే వచ్చి తిన్నె మీద కూర్చుని, మజ్జిగ తాగి, మూతి తుడుచుకున్నాడు.

"గుడిసె కట్టనని చెప్పలేదక్కా. కడతా. అయితే మా అక్క బిడ్డకు కడతా. ఆ బర్మామె బిడ్డకు మట్టలు నరికినానంటే మనోళ్ళు నన్ను పందిట్లో కూర్చోనిస్తారా?"

"ఇప్పుడు ఏం చేయమంటావురా?" అంది కస్తూరమ్మ.

"నువ్వే తల్లివి. నీళ్ళు నువ్వు పోయాల. చీర నీ చేతికే ఇస్తా. పిల్ల నిన్ను అమ్మా అని పిలవాల. నలుగురూ వినాల. ఆమె లోపలే ఉండనీ."

కస్తూరమ్మ మజ్జిగ చెంబు తీసుకుని లేచింది. తలుపు వెనక నుంచి కిన్నమ్మ గొంతు వచ్చింది.

"సరి, అన్నా. అట్లనే కానీండి."

పక్క కొట్టంలో చాప మీద కూర్చున్న ధనకోటి ఆ మాట వింది. తల్లి అన్నం తెచ్చినప్పుడు కంచం ముట్టలేదు.

"ఎందుకు సరి అన్యావు?"

"తిను. చల్లారిపోతాది."

"నువ్వు చెప్పు ముందు."

"నాకు ఒక ఊరు పోయింది. నీకు పోగూడదు," అంది కిన్నమ్మ. "నీకు మామ కావాల, పందిరి కావాల. రేపు మొగుడు కావాల. నేను ఇయ్యలేను. ఆమె ఇస్తాది."

ధనకోటి ఒక్క పూట మాటే కదా అనుకుంది. పదమూడేళ్ళ పిల్ల. ఆ పూటకు అనే మాట ఆ పూటతో పోదని ఆమెకు తెలియదు. ఒకసారి ఎవరి చేత నీళ్ళు పోయించుకుంటే ఆ తర్వాతి ప్రతి పీటమీదా వాళ్ళే తల్లి.

లోకనాథానికి సైకిలు చక్రం తప్ప ఏదీ చక్కగా రాదు. అతను అల్లిన మట్టల సందుల్లోంచి పిల్లి దూరేలా ఉంది. ఊరంతా అన్నాలు తిని కునుకు తీసే వేళ కిన్నమ్మ బయటికి వచ్చి, కట్లు విప్పి, ఆకులు ఒత్తుగా అల్లి, మళ్ళీ బిగించింది. సాయంత్రం చుట్టాలు గుడిసె చుట్టూ తిరిగి చూశారు.

"లోకనాథం చెయ్యి మంచి చెయ్యే. ఒక్క చుక్క ఎండ దిగదు."

లోకనాథం మీసం సవరించుకున్నాడు.

నీళ్ళు పోసేటప్పుడు పెద్ద ముత్తైదువ ఒకామె ధనకోటి భుజం తట్టింది. "అమ్మను పిలువు పాపా."

ధనకోటి వంటింటి కిటికీ వైపు చూడకుండా, "అమ్మా" అంది.

కస్తూరమ్మ చేతిలోని చెంబు ఒలికింది. నలభై దాటిన ఆ మనిషిని అంతవరకు ఎవరూ ఆ మాటతో పిలవలేదు. పిల్ల తలను పొట్టకు హత్తుకుని అందరి ముందూ ఏడ్చింది. చూసినవాళ్ళకు ఎవరికీ అబద్ధం అనిపించలేదు.

నాలుగు రోజులకు గుడిసె విప్పి కాల్చారు. ధనకోటి వంటింట్లోకి పోయి, "అమ్మా, ఆకలి" అంది. కిన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తలేదు.

"చిన్నమ్మా అను. నోటికి అలవాటు కావాల."

అలవాటు అయింది. అదే ధనకోటిని ఆ తర్వాత ఎక్కువ బాధపెట్టింది. మొదట్లో నాలుక తడబడేది. రెండేళ్ళకు తడబడటం మానింది.

ఎనభై ఒకటిలో మింజూరు సంబంధం కుదిరింది. పిల్లవాడు సుదర్శనం, కరెంటు పని చేస్తాడు. పిల్ల కస్తూరమ్మ కూతురనే వాళ్ళకు చెప్పారు; పెరిగేకొద్దీ ధనకోటి ముఖం తండ్రి పోలికకు తిరిగింది కాబట్టి వాళ్ళు నమ్మారు. తిరుత్తణి కొండ మీద పెళ్ళి. కస్తూరమ్మ పీటమీద కూర్చుంది. కిన్నమ్మ వంటవాళ్ళ మధ్య గుమ్మడికాయలు తరిగింది. అంత పెద్ద పెళ్ళిలోనూ ఆమె తరిగిన ముక్కలు అన్నీ ఒకే కొలతగా ఉన్నాయి.

రెండేళ్ళ తర్వాత తొలికాన్పు. పుట్టింటి బాధ్యత. తిరువళ్ళూరులో ఆసుపత్రి ఉంది కాబట్టి లోకనాథం ఇంట్లో దిగారు. సాయానికని కిన్నమ్మా వచ్చింది. నొప్పులు పడీపడీ ధనకోటి ఆడపిల్లను కన్నది.

నర్సు బిడ్డను పక్కలో పెట్టగానే ధనకోటి గుడ్డ తొలగించి ముఖం చూసింది. సన్నటి కళ్ళు, చిన్న ముక్కు. కిన్నమ్మను చిన్నది చేసి పక్కలో పడుకోబెట్టినట్టుంది.

కిన్నమ్మ గుడ్డలు ఉతికింది, కషాయం కాచింది, బాలింత కాళ్ళు పట్టింది. బిడ్డను మాత్రం ఎత్తుకోలేదు.

"ఎత్తుకో చిన్నమ్మా. ఏడస్తా ఉండాది."

"అక్కను ఎత్తుకోమను. మా ఇద్దరి మొగాలు ఎవురూ ఒకచోట చూడగూడదు."

ధనకోటి బిడ్డకు పాలిస్తూ ఆ మాట గురించే ఆలోచించింది. రేపు తన బిడ్డ ఇంకెవరినో అమ్మా అంటే తను పొయ్యి వైపు తిరిగి కూర్చోగలదా? కూర్చోలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. తన తల్లి ఏడేళ్ళుగా అలాగే కూర్చుని ఉంది.

అత్త వరదమ్మ మింజూరు నుంచి కమలాపళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. బిడ్డను వెలుతురుకు తిప్పి చూసింది.

"ఏం వదినా, ఇది ఎవరి పోలిక? మావాడి ముక్కు కాదు, మీ ముక్కూ కాదు. కండ్లు చూడు, గోరుతో గీసినట్టుండాయి."

"పసిబిడ్డలంతా అట్లనే ఉంటారు వదినా. కొన్నాళ్ళు పోతే తేలతాయి," అంది కస్తూరమ్మ.

వరదమ్మ చూపు మంచం కింద గుడ్డలు సర్దుతున్న కిన్నమ్మ మీద పడింది. బిడ్డను చూసింది. మళ్ళీ ఆమెను చూసింది.

"ఈమె ఎవరు? పెండ్లిలో వంటల కాడ చూసినట్టుండాది."

ధనకోటి మోచేతుల మీద లేచింది. కుట్లు లాగాయి.

"మా అమ్మ అత్తా. నన్ను కన్నది ఈమే. బిడ్డది మా అమ్మ పోలిక."

వరదమ్మ చేయి బిడ్డ వీపు మీద ఆగిపోయింది. ధనకోటి కస్తూరమ్మ వైపు చూసింది. అవునని ఒక్క మాట చాలు. కస్తూరమ్మ పెదవులు కదిలాయి, మళ్ళీ మూసుకున్నాయి.

కిన్నమ్మ నవ్వింది. ధనకోటి ఎప్పుడూ వినని నవ్వు.

"చిన్నప్పట్నుంచి పెంచినా కదమ్మా, నన్ను కూడా అమ్మా అంటాది. జొరంలో ఏందేందో మాట్లాడతా ఉండాది. నేను ఈళ్ళింట్లో పని చేసేదాన్ని. కడుపుతో పుట్టింటికి వచ్చినప్పట్నుంచి పొద్దున లేస్తే నా మొగమే చూసింది. అది అంటుకున్యాది బిడ్డకు."

వరదమ్మ ఊపిరి వదిలింది. "అదా సంగతి. మా ఆడబిడ్డ కూడా అంతే. పొద్దస్తమానం పక్కింటి పిల్లోణ్ణి చూసి చూసి, వాడి మాదిరే కనింది. ఇంక నువ్వు ఎదురు పడమాకమ్మా, పెరిగేకొద్దీ మారతాది."

"అట్లనేమ్మా."

కిన్నమ్మ తడిగుడ్డలు వరండా తీగ మీద ఆరేసింది. ముడతలు లేకుండా అంచులు లాగింది. గుడ్డసంచి తీసుకుని కస్తూరమ్మ దగ్గరికి వచ్చింది.

"పోయొస్తా అక్కా. మగ్గం మీద పడుగు వదిలేసి వచ్చినా."

మంచం వైపు రాలేదు. రెండు వరుసల పడకల మధ్య నుంచి వాకిలి వైపు నడిచింది.

"అమ్మా," అని పిలిచింది ధనకోటి.

"ఏం నాయనా, నీళ్ళు కావాల్నా?" అంటూ కస్తూరమ్మ లేచింది.

వాకిలి దగ్గర కిన్నమ్మ కొంగు తలమీదికి లాక్కుని, తిరిగి చూడకుండా గడప దాటింది.