పీచు కత్తి మీద మూడక్షరాలు

మా ఇంట్లో కొబ్బరికాయల పీచు ఒలిచే కత్తి నిజానికి తుపాకీ మూతికి బిగించే బాయ్‌నెట్ అని డిగ్రీ చదివే రోజుల దాకా నాకు తెలియదు. శ్రీకాకుళం నుంచి బంధువులెవరొచ్చినా బస్తాడు కాయలు రైల్లో వేసుకొచ్చేవారు. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్ పెరట్లో పీట వేసుకుని కూర్చుని, ఆ కత్తితో ఒక్కో కాయకూ చిటికెలో గుండు గీసేసేది. ఎనభై దగ్గర పడ్డా ఆ పని ఇంకొకరిని చెయ్యనిచ్చేది కాదు.

ఒకరోజు సైబర్ కేఫ్‌లో పాత వస్తువులు వేలం వేసే సైటు చూస్తుంటే అచ్చం మా కత్తే కనబడింది. పక్కనున్న ధర చూసి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. నాన్న రిటైర్మెంట్ దగ్గరపడింది. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఊరి చివర లాల్‌ఖదాన్‌లో కట్టుకుంటున్న ఇంటికి ఇంకా కిటికీలు పెట్టించలేదు. మామ్మ కత్తి అమ్మేస్తే కిటికీలు వచ్చేస్తాయని అక్కడే తేల్చేసుకున్నాను.

ఇలాంటి కత్తులు కొనేవాళ్లు ముందుగా చూసేది పిడి దగ్గర బ్లేడు మీద ఏ ముద్రలున్నాయని. ఇంటికొచ్చి కిరసనాయిలు గుడ్డతో రుద్దితే, ఏళ్లనాటి జిడ్డు కింద నుంచి మూడు ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. ఆర్, ఎఫ్, ఐ. సంబరపడిపోతూ నాన్నకు చదివి వినిపించాను.

నాన్న తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఆర్ అంటే రైల్వే. రైల్వే ఫ్యాక్టరీ, ఇండియా," అన్నాడు. రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మనిషికి ఆర్ అంటే మరొకటి తోచదు కదా. "ఏటే, ఇది రైల్వే సొత్తా? మీ తాత షెడ్డులోంచి తెచ్చేసినాడేటి?"

నవ్వబోయి ఆగాను. తాతయ్య పనిచేసిన లోకో షెడ్డులోనే అన్నేళ్లు పనిచేసి ఒక్క మేకు కూడా ఇంటికి తేని మనిషి నాన్న. ఎవరి గేటుకైనా రైల్వే పెయింటు కనబడితే ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు. ఆ బుద్ధంతా తన తండ్రి నుంచే వచ్చిందని గొప్పగా చెప్పుకునేవాడు. రిటైర్మెంట్ డబ్బులు ఆపేస్తారేమోనని పైకి అన్నాడు గానీ, లోపల తొలుస్తున్నది తండ్రి దొంగేమోనన్న అనుమానమే. నాకు చాలా జాలేసింది.

మామ్మ వంటింట్లోంచి విననే విన్నది. గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"తెల్లోళ్ల యుద్ధం అయిపోనాక మిలట్రీ సామాను వేలమేసినార్రా. మీ అయ్య డబ్బులిచ్చి కొన్నాడు. నాను పక్కనే ఉన్నాను."

"రసీదుందేటమ్మా?"

"మీ అయ్యని దొంగంటావేట్రా?"

అంతే, ఆ రోజు నుంచి కొడుకుతో మాటలు బంద్. వేళకు అన్నం పెట్టేది, కాకపోతే కంచం కాస్త చప్పుడయ్యేలా పెట్టేది. నాన్న "అచ్ఛా, అచ్ఛా" అని గొణుక్కుంటూ తినేసి, మళ్లీ ఆ కత్తి పట్టుకుని కూర్చునేవాడు.

నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది. కాలేజీ అవగానే సైబర్ కేఫ్‌కు పోయి, నేను గీసుకున్న మా కత్తి బొమ్మను తెర మీది ఫోటోలతో పోల్చేదాన్ని. బ్లేడు పొడవు, దాని నడుమ గాడి, తుపాకీ మూతి దూరే రింగు, పిడికి రెండు పక్కలా చెక్క. అన్నీ కుదిరాయి. తీరా చూస్తే ఆర్ అంటే రైఫిలట! బ్రిటిష్ వాళ్ల కాలంలో బెంగాల్‌లో నడిచిన రైఫిళ్ల ఫ్యాక్టరీ ముద్ర అది. ఐ అంటే ఆ ఫ్యాక్టరీ ఉన్న ఊరి పేరులో మొదటి అక్షరం.

పరుగున వచ్చి చెప్పాను. నాన్న ముఖం విప్పారింది, అదీ కాసేపే. అక్షరాల కింద ఉన్న బాణం గుర్తు చూపించి "మరిదేటి?" అన్నాడు. ఆయన ముందు అబద్ధం నోట రాదు. బాణం వేస్తే సర్కారు సొత్తని అర్థమట, చెప్పేశాను.

"అయితే రైల్వేది కాదు, మిలట్రీది ఎత్తుకొచ్చినాడన్నమాట," అన్నాడు. నా పరిశోధన పుణ్యమా అని తాతయ్య మీద కేసు ఇంకా పెద్దదైంది.

చివరికి స్నేహితురాలి కెమెరాతో ఫోటోలు తీసి, బాయ్‌నెట్లు సేకరించేవాళ్లు కబుర్లు చెప్పుకునే సైటులో పెట్టాను. ఇంగ్లండ్ నుంచి ఒక పెద్దాయన ఓపిగ్గా జవాబిచ్చాడు. ఒర లేదు, ఎవరో బండ మీద నూరి నూరి అంచు అరగదీశారు, పిడి చెక్క తర్వాతెప్పుడో మార్చింది, కాబట్టి దీనికి పెద్దగా ఏమీ రాదన్నాడు. మా కిటికీలు అక్కడికక్కడే ఎగిరిపోయాయి. కానీ ఆ బాణం చుట్టూ ఇంకొంచెం శుభ్రం చేసి చూడమన్నాడు. దానికి ఎదురుగా మొనకు మొన ఆనించి ఇంకో బాణం ఉంటే, సర్కారు తన చేత్తోనే ఆ వస్తువును బయటివాళ్లకు అమ్మేసిందని గుర్తట.

ఆ సాయంత్రం గుడ్డ నా చేతిలోంచి లాక్కుని నాన్నే రుద్దాడు. రెండో బాణం ఉంది! కొంచెం వంకరగా, మొన సరిగ్గా మొదటిదానికి తగిలేలా ఉంది. నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి. కత్తి పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాడు.

"అమ్మా! నాన్న కొన్నదేనే! ఎత్తుకొచ్చింది కాదే!"

మామ్మ చేటలో బియ్యం ఏరుకుంటోంది. తల ఎత్తలేదు. "ఎవుడు సెప్పినాడు?"

"ఇంగ్లండులో ఒకాయన. రెండు బాణాలుంటే అమ్మేసినట్టేనంట."

"కత్తికి ఇలువ కట్టినాడేటి?"

"కట్టినాడు. పెద్దగా ఏటీ రాదంట."

మామ్మ అప్పుడు చూసింది కొడుకు వంక. "ముఖం తెలీనోడు కత్తికి ఇలువ కట్టినాడు, బాగుంది. పక్కనే ఉన్నానని నాను సెప్పినప్పుడు, నా మాటకెంత కట్టినావురా?"

నాన్న కత్తి కింద పెట్టి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "తప్పయిపోనాదమ్మా," అన్నాడు.