గోడ అవతలి నుంచి "ఏం కూర?"

మా ఆయన పోయిన పదిహేను రోజులకే లాక్‌డౌన్ పెట్టారు. పలకరించడానికి రావలసిన చుట్టాలు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు. బచ్చన్నపేటలో మా రెండు గదుల ఇంట్లో నేనొక్కదాన్నే. మాట లేక నా గొంతు నాకే కొత్తగా అనిపించేది. తల దువ్వడం మానేశాను, తర్వాత పొయ్యి వెలిగించడం కూడా. చావాలని లేదు, లేవాలనీ లేదు.

పక్కింటి ముస్లిం అక్కను ఆపా అని పిలుస్తాను, జాకెట్లు కుట్టే మనిషి. నాకంటే ఎనిమిదేళ్ల ముందే భర్తను పోగొట్టుకుంది. ఒక పొద్దున గోడ అవతలి నుంచి కేక వేసింది.

"చెల్లే, ఏం కూర?"

"బీరకాయ," అని అబద్ధం చెప్పాను.

"ఝూట్! పోపు వాసన గోడ దుంకి రాలే. నా ముక్కు మంచిగనే ఉంది!"

నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆమె నోరు మూయించడానికే పప్పు వండి, ఎల్లిపాయలు దంచి పోపు పెట్టాను.

"గిప్పుడొచ్చింది వాసన. ఉప్పు జర ఎక్కువైనట్టుందే?"

"వాసనల ఉప్పు ఎట్ల తెలుస్తది ఆపా?"

"తెల్వది. నీతోని మాట్లాడిపియ్యాలె గదా!"

అట్లా రోజూ లొల్లే. లొల్లి కోసం వండాను, వండినందుకు తిన్నాను. ఒకరోజు అడిగాను, ఒంటరిదాన్ని ఇట్లా లేపాలని నీకెట్ల తెలుసని.

"మా ఆయన పోయినంక నాలుగు నెలల పది దినాలు గడప దాటలే. గదే మా రివాజు. మొదట్ల పిచ్చి లేసింది. ఎవ్వరు సూడకున్నా తానం చేసి, తల దువ్వి, పెరట్ల ఎండల కూసునేదాన్ని. ఏం కూర అని అడిగేటోళ్లు లేకుంటే గోడకే చెప్పుకున్న."

అప్పుడు కూడా ఆ గోడకు ఇవతల ఉన్నది నేనే. అట్లా కూర్చున్న ఆడమనిషిని పలకరించకూడదేమోనని నోరు కట్టుకున్నాను. ఆ మాట ఒప్పుకుంటే ఆపా నవ్వేసింది. "నీకు తెల్వది, నేను చెప్పలే. పో, పొయ్యి మీద ఏమున్నదో సూడు."

తిండి కుదిరినా నిద్ర కుదరలేదు. బస్సులు మళ్లీ తిరగడం మొదలయ్యాక జనగామ దవాఖానకు తనే వెంట వచ్చింది. ఏం బాధ అని డాక్టరమ్మ అడిగితే కొంగు అంచు మడతలు పెడుతూ కూర్చున్నాను. ఆపా మోచేత్తో పొడిచింది.

"నాతోని లొల్లి పెట్టుకునే గొంతు ఏడ పోయె? దాంతోనే చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. ఆపా లేచి, తలుపు దగ్గరగా వేసి, బయట బల్ల మీద కూర్చుంది.